బొమ్మల బడిలోంచి వచ్చిన వైద్యం

1942లో ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు ఒక కొత్త మాట వాడుకలోకి తెచ్చాడు: ఆర్ట్ థెరపీ. క్షయతో శానటోరియంలో మంచాన పడి ఉన్న రోజుల్లో పొద్దుపోక గీసుకున్న బొమ్మలు తనకు మేలు చేస్తున్నాయని గమనించి, పక్క మంచాల వాళ్ల చేత కూడా పెన్సిలు పట్టించిన మనిషి ఆయన. అదే ఏడాది వాషింగ్టన్‌లో సెయింట్ ఎలిజబెత్స్ అనే పెద్ద మానసిక చికిత్సాలయంలో మేరియన్ చేస్ అనే నర్తకి రోగులతో కలిసి అడుగులు వేయడం మొదలుపెట్టింది. డాన్స్ థెరపీ చరిత్ర రాసేవాళ్లు చాలామంది అక్కణ్నుంచే లెక్క మొదలుపెడతారు. ఆ ఏడాదే డిసెంబరులో, బొహీమియాలోని హ్రోనోవ్ ప్రాంతంలో నలభై నాలుగేళ్ల డ్రాయింగు టీచరు ఒకావిడ సామాను సర్దుకుంటోంది. యూదులను తరలించే రైలెక్కమని తాఖీదు వచ్చింది. మనిషికి 50 కిలోలకు మించి తీసుకెళ్లకూడదు. ఉన్ని బట్టలు, గిన్నెలు, తిండి సరుకులు అందరూ సర్దుకునేవే. ఆవిడ పెట్టెలో మాత్రం రంగులూ కాగితాలే ఎక్కువ చోటు ఆక్రమించాయి.

మొదటి ఇద్దరికీ వైద్య చరిత్రలో ఎప్పుడో చోటు దొరికింది. మూడో మనిషి పేరు ఫ్రీడల్ డికర్-బ్రాండైస్. ఆమె డాక్టరు కాదు, సైకాలజిస్టూ కాదు. కానీ మనసు దెబ్బతిన్న పిల్లలను బొమ్మలతో, ఆటతో, లయతో కుదుటపరిచే పద్ధతుల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే, ఆస్పత్రి వార్డు కంటే ముందు వియన్నాలోని డ్రాయింగు క్లాసు ఒకటి తగులుతుంది. ఆ క్లాసు నుంచి న్యూయార్క్ దాకా నడిచిన దారిలో ఫ్రీడల్ మధ్య మజిలీ. ఈ దారి పొడవునా కనిపించే విషయం ఇంకొకటుంది. లోపలున్న బాధనంతా కాగితం మీద ఒలకబోస్తే పిల్లవాడి బరువు దిగిపోతుందని ఇవాళ చాలామంది అనుకుంటారు. ఈ పద్ధతిని కట్టినవాళ్లు మాత్రం ఒలకబోయడాన్ని పెద్దగా నమ్మలేదు. వాళ్లు నమ్మింది శ్రద్ధగా ఒక వస్తువును తయారుచేయడాన్ని.

కథ ఫ్రాంజ్ చిజెక్‌తో మొదలవుతుంది. 1865లో బొహీమియాలోని లైట్‌మెరిట్జ్ పట్నంలో పుట్టి, బొమ్మలు నేర్చుకోవడానికి వియన్నా చేరిన కుర్రాడు. ఒక వడ్రంగి ఇంట్లో అద్దెకు దిగాడు. ఈయన రంగులు ముందేసుకు కూర్చుంటే వడ్రంగి పిల్లలు చుట్టూ మూగి తామూ గీస్తామన్నారు. ఇచ్చి చూశాడు. పెద్దవాళ్ల బొమ్మలకు నకళ్లు కావవి. వాటికంటూ వేరే పద్ధతి ఉంది. 1897లో చిజెక్ పిల్లల కోసమే ఒక చిత్రకళా తరగతి తెరిచాడు. అప్పటి బళ్లలో డ్రాయింగంటే నమూనా చూసి గీతకు గీత దింపడమే. చిజెక్ నమూనాలు తీసేశాడు. కాగితం కత్తిరించడం, మట్టి పిసకడం, లినోలియం ముక్క చెక్కి అచ్చు తీయడం, ఏది చేతికొస్తే అది చేయనిచ్చాడు. మన దగ్గర ఇప్పటికీ డ్రాయింగు పీరియడ్ అనగానే రెండు కొండలు, మధ్యన సూర్యుడు, ఒక పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు వచ్చి కూర్చుంటాయి. ఆ కొండలు ఏ పిల్లా చూసి గీసినవి కావు, పక్కవాళ్ల పుస్తకంలోంచి వచ్చినవి. చిజెక్ పోరాడింది సరిగ్గా దీనితోనే.

1898లో వియన్నాలో పుట్టిన ఫ్రీడల్ ఈయన క్లాసులో కూర్చుంది. నాలుగేళ్లకే తల్లి పోయింది. తండ్రి స్టేషనరీ కొట్లో గుమస్తా, కాబట్టి ఇంట్లో డబ్బుకు కటకటైనా కాగితాలకూ రంగు పెన్సిళ్లకూ కరువు లేదు. చిజెక్ తర్వాత ఆమెకు దొరికిన గురువు యోహానెస్ ఇట్టెన్. ఈయన ధోరణే వేరు. గుండు, సన్యాసి అంగీ, మజ్దాజ్నాన్ అనే మతశాఖ మీద గురి, శాకాహారం. తర్వాతి రోజుల్లో ఆయన శిష్యగణం వల్ల బౌహౌస్ విద్యాలయం భోజనశాల అంతా వెల్లుల్లి వాసన కొట్టేదని చెప్పుకునేవారు. ఆ వేషం మాట అలా ఉంచితే ఆయన క్లాసు మాత్రం నిజంగా కొత్తది. విద్యార్థి వచ్చీ రాగానే పెన్సిలు ముట్టుకోకూడదు. ముందు నిలబడి ఒళ్లు విరుచుకోవాలి, ఊపిరి తీసి వదలాలి, చేతులు గాలిలో గుండ్రంగా తిప్పాలి. ఆ తిప్పుడు ఒంట్లోకి ఎక్కాక అదే ఊపుతో కాగితం మీద వృత్తం గీయాలి. గీత చేతివేళ్లలోంచి కాదు, మొత్తం శరీరంలోంచి రావాలని ఆయన పట్టు. కదలికనూ చిత్రలేఖనాన్నీ ఒకే పాఠంగా చెప్పిన మనిషి కావడం వల్లే ఇట్టెన్‌కు ఈ కథలో చోటు. 1919లో ఆయన జర్మనీలోని వైమార్‌లో కొత్తగా పెట్టిన బౌహౌస్‌కు వెళ్తే ఫ్రీడల్ వెంట వెళ్లింది, 1923 దాకా అక్కడే చదివింది.

తర్వాతి పదేళ్లూ ఆమె పిల్లల టీచరుగా కంటే డిజైనరుగానే ఎక్కువ మందికి తెలుసు. మిత్రుడు ఫ్రాంజ్ సింగర్‌తో కలిసి వియన్నాలో స్టూడియో నడిపింది. మడత కుర్చీలు, ఒకదాన్లో ఒకటి దూరే బల్లలు, ఒక మాంటెసోరీ బాలవాడికి కావలసిన సామాను అందులో తయారయ్యాయి. కమ్యూనిస్టు కావడం వల్ల 1934లో అరెస్టయింది. బయటికి వచ్చాక ప్రాగ్‌కు వెళ్లిపోయింది. అక్కడ, హిట్లర్ జర్మనీ నుంచి కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలకు బొమ్మలు నేర్పడం మొదలుపెట్టింది.

ఆమెకు సాయంగా వియన్నా నుంచి ఒక శిష్యురాలు వచ్చింది. పేరు ఎడిత్ క్రేమర్, 1916లో పుట్టింది, చిన్నప్పటి నుంచి ఫ్రీడల్ దగ్గరే బొమ్మలు నేర్చుకుంది. చుట్టూ ఉన్నవాళ్లలో ఫ్రాయిడ్ బాటలో నడిచేవాళ్లు చాలామంది. ప్రాగ్ క్లాసులో ఆ అమ్మాయి గమనించినవి తర్వాత ఆమె జీవితాంతం పనికొచ్చాయి. పోలీసులు ఇంట్లో జొరబడటం చూసిన పిల్లలు కొందరు తమ వయసుకంటే చిన్నపిల్లల్లా గీయడానికి వెనక్కి జారిపోతారు. కొందరు తమను భయపెట్టినవాడి బొమ్మే మళ్లీ మళ్లీ గొప్పగా వేస్తారు. కొందరు కాగితాన్ని ముట్టుకోరు. డ్రాయింగు నేర్పడానికి కూర్చున్న టీచరుకు వీటన్నిటితో ఏదో ఒకటి చేయక తప్పదు. 1938లో క్రేమర్ న్యూయార్క్‌కు ఓడ ఎక్కింది. ఫ్రీడల్‌కు పాలస్తీనాకు వీసా దొరికింది. భర్త పావెల్ బ్రాండైస్‌కు దొరకలేదు. ఆమె వెళ్లలేదు.

1942 డిసెంబరులో ఆమె ఎక్కిన రైలు టెరెజీన్‌కు చేర్చింది. ప్రాగ్‌కు ఉత్తరాన ఉన్న 18వ శతాబ్దపు కోట పట్నం అది. రెండో జోసెఫ్ చక్రవర్తి కట్టించి తల్లి మరియా తెరెసా పేరు పెట్టాడు. సైనికులూ పౌరులూ కలిపి ఏడు వేల మంది ఉండేచోట 1942 సెప్టెంబరులో 58 వేల పైచిలుకు మంది యూదులను కుక్కారు. విచిత్రమేమిటంటే చిజెక్ పుట్టిన లైట్‌మెరిట్జ్ ఇక్కడికి నదికి ఆవలి ఒడ్డున, నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. పిల్లలకు చదువు చెప్పడం నాజీలు నిషేధించారు. బొమ్మలు, చేతిపనులు, పాటలు మాత్రం అభ్యంతరం లేదన్నారు. అవి ప్రమాదం లేని వ్యవహారాలని వాళ్ల లెక్క.

ఎల్ 410 అనే భవనం ఆడపిల్లల వసతి గృహం. అందులో 28వ నంబరు గదిలో మూడంతస్తుల చెక్కమంచాల మీద ముప్ఫై మంది దాకా పడుకునేవారు. ఫ్రీడల్ క్లాసు ముఖ్యంగా ఆ భవనంలోనే నడిచింది. కాగితమంటే ఆఫీసులు పారేసిన ఫారాల వెనకవైపు, పాత నకళ్లు, పొట్లాలు కట్టే కాగితం. అవీ చాలకపోతే ఒకే కాగితానికి రెండు పక్కలా. రంగులు అయిపోతే చిత్తుకాగితాలు చింపి అంటించడమే. ఇవాళ ఆ కొలాజ్‌లను చూసి ఈ ముదురు రంగు దుఃఖానికి గుర్తు, ఆ నలుపు మృత్యువుకు గుర్తు అని పాఠాలు తీసేవాళ్లున్నారు. ఆ రోజు చేతికి ఏ కాగితం దొరికిందన్నది ముందు చూడాలి.

క్లాసు ఇట్టెన్ పద్ధతిలోనే మొదలయ్యేది. టీచరు ఒక లయ ఇస్తుంది. పిల్లలు ఆ లయకు తగ్గట్టు చెయ్యి ఎత్తకుండా సుళ్లు, అలలు, మెట్లు గీస్తారు. అలాంటి సాధన కాగితాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. వాటిలో మొదటి వరుస గీతలు వణుకుతూ పోయి, కిందికి వచ్చేసరికి విశాలంగా తెరుచుకోవడం కనిపిస్తుంది. ఒళ్లు కాస్త వదులయ్యాక అసలు పని. ఒక పూలకుండీ చూసి వేయాలి. ఒక వస్తువు వెలుగులో ఎలా ఉందో, నీడలో ఎలా ఉందో పట్టుకోవాలి. తాను వెంట తెచ్చిన పాత మహాచిత్రకారుల బొమ్మల అచ్చులు ముందు పెట్టి, వాటి కూర్పును చింపిన కాగితంతో మళ్లీ కట్టమనేది. అంటే వేర్‌మీర్ అనే చిత్రకారుడి పేరే తెలియని పన్నెండేళ్ల పిల్ల, ఆకలి కడుపుతో, చింపిన ఫారం ముక్కలతో వేర్‌మీర్ గదిలో వెలుతురు ఎటునుంచి పడుతోందో లెక్క వేసుకుంటూ కూర్చుంది. అయిపోయాక ప్రతి కాగితం మీదా పేరు రాయాలి. టెరెజీన్‌లో మనిషిని గుర్తించేది రవాణా నంబరుతో. ఫ్రీడల్ క్లాసులో మాత్రం పేరే.

మిగిలిన బొమ్మలను చూసినవాళ్లను ముందుగా ఆశ్చర్యపరిచేది అందులో ఘోరాలు తక్కువగా ఉండటం. శవాల బండ్లు, తిండి కోసం వరుసలు, కాపలా సిపాయిలు అక్కడక్కడా లేకపోలేదు. ఎక్కువ భాగం పూలు, ఇళ్లు, పండగ భోజనపు బల్లలు, పడవలు, సీతాకోకచిలుకలు. 1943 వేసవిలో టెరెజీన్ ఉపాధ్యాయుల ముందు ఫ్రీడల్ పిల్లల బొమ్మల గురించి ఒక ప్రసంగం చేసింది. ఈ క్లాసు అందరినీ చిత్రకారులను చేయడానికి కాదని, వాళ్లలోని సృజనశక్తికీ స్వతంత్ర బుద్ధికీ దారి తెరవడానికని, చూపునూ విచక్షణనూ పదునుపెట్టడానికని అందులో చెప్పింది. పెద్దలు తమ ఊహలను పిల్లల నెత్తిన రుద్దకూడదనీ హెచ్చరించింది. బాధను బయటికి తెప్పించాలన్న మాట ఆమె ఉద్దేశాల్లో ముందు వరసలో లేదు.

అదే భవనంలో ఉన్న హెల్గా వైసోవా అనే అమ్మాయి ఇంకో దారి పట్టింది. చూస్తున్నదే గీయమని తండ్రి ఆమెకు చెప్పాడు. ఆమె అలాగే నిద్ర గదులు, కొత్తగా దిగినవాళ్ల బారులు, చెత్తకుండీల్లో తిండి వెతికే ముసలివాళ్లను గీసింది. బంధువు ఒకాయన వాటిని ఒక గోడలో పెట్టి ఇటుకలతో మూసేయడం వల్ల అవి దక్కాయి. హెల్గా కూడా దక్కింది, చిత్రకారిణి అయింది. ఆమె గీసింది సాక్ష్యం. ఫ్రీడల్ క్లాసులో జరిగింది వేరే పని. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మురిసిపోవడం వల్ల రెండో దాని విలువ సగం కనబడకుండా పోయింది.

పిల్లలు కూర్చుని బొమ్మలే వేయలేదు. యువజన విభాగంలో ఫ్రెడీ హిర్ష్ అని ఇరవై ఏడేళ్ల జిమ్నాస్టిక్స్ టీచరు ఉండేవాడు. పొద్దున్నే కసరత్తు, శుభ్రత, ఆటలపోటీలు అన్నీ అతని చేతుల మీదే. 1943 సెప్టెంబరులో అతన్ని ఔష్విట్జ్ మృత్యుశిబిరానికి పంపితే అక్కడి కుటుంబ శిబిరంలో కూడా పిల్లల కోసం ఒక బారక్ సంపాదించి, అందులో ఆటలూ నాటకాలూ నడిపాడు. చెక్క గోడ మీద స్నోవైట్, ఏడుగురు మరుగుజ్జుల బొమ్మ వేయించాడు. వేసింది దీనా గోట్లీబోవా అనే చిత్రకళా విద్యార్థిని. హిర్ష్ 1944 మార్చిలో చనిపోయాడు.

అతను టెరెజీన్ వదిలిన నెలలోనే అక్కడ హాన్స్ క్రాసా పిల్లల ఒపెరా ‘బ్రుందిబార్’ తొలి ప్రదర్శన జరిగింది. జబ్బుపడిన తల్లికి పాలు కొనడానికి వీధిలో పాడబోయిన అన్నాచెల్లెళ్లను తరిమే ఒక దుర్మార్గపు వాద్యగాడు, అతన్ని పిల్లి, కుక్క, పిచ్చుక సాయంతో ఓడించే ఊరి పిల్లలు. అదీ కథ. అడుగులు కూర్చింది కమీలా రోసెన్‌బామ్ అనే నర్తకి. 55 సార్లు ఆడారు. రైళ్లు వెళ్లినకొద్దీ వేషగాళ్లు మాయమయ్యేవారు; మర్నాటికి వేరే పిల్లలు ఆ వేషాలు నేర్చుకునేవారు. పిల్లి వేషం వేసిన ఎల్లా వైస్‌బర్గర్ అనే అమ్మాయి బతికి బయటపడి, ముసలితనంలో కూడా ఒక సంగతి పదే పదే చెప్పేది: స్టేజీ మీద ఉన్నంతసేపు యూదులు ధరించి తీరాల్సిన పసుపు నక్షత్రం ఒంటి మీద పెట్టుకోనక్కరలేదని. 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ బృందం వచ్చినప్పుడు నాజీలు ఇదే ఒపెరాను చూపించి, పిల్లలు ఎంత హాయిగా ఉన్నారో చూడండన్నారు. పిల్లలకు ఊపిరి పోసిన ఆటే పైవాళ్లకు బూటకపు ప్రదర్శన అయింది. కళతో మేలు జరుగుతుందని చెప్పేవాళ్లు ఈ సంగతిని దాటవేయకూడదు.

భారతీయులకు బాగా తెలిసిన నాటకం ఒకటి కూడా ఇలాంటి చోటే ఆడారు. వార్సా ఘెట్టోలో అనాథ శరణాలయం నడిపిన యానుష్ కొర్చాక్ స్వయంగా పిల్లల వైద్యుడు. 1942 జులై 18న ఆయన పిల్లలు రవీంద్రుడి ‘డాక్ ఘర్’ ప్రదర్శించారు. గదిలో బందీ అయిన అమల్ అనే జబ్బు పిల్లవాడు కిటికీలోంచి లోకాన్ని చూస్తూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసి కన్నుమూసే కథ. ఎందుకు ఈ నాటకమని అడిగితే, చావును నెమ్మదిగా ఎదుర్కోవడం పిల్లలు నేర్చుకోవాలి కదా అన్న అర్థంలో ఆయన జవాబిచ్చాడంటారు. నాలుగు రోజుల తర్వాత వార్సా నుంచి ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టు మొదటివారంలో కొర్చాక్ ఆ పిల్లలతోనే వెళ్లాడు.

ఫ్రీడల్ భర్తను 1944 సెప్టెంబరు 28న తరలించారు. తర్వాతి రైళ్లలో ఒకదానికి ఆమె తానే పేరిచ్చుకుంది. అక్టోబరు 6న బయలుదేరింది, 9న ఔష్విట్జ్‌లో చంపేశారు. క్లాసులోని పిల్లల్లోనూ చాలామంది తిరిగి రాలేదు. భర్త మాత్రం బతికాడు. పిల్లల బొమ్మలను ఆమె రెండు సూట్‌కేసుల్లో సర్ది పెట్టింది. యుద్ధం అయ్యాక ఎల్ 410 బాధ్యుడు విల్లీ గ్రోగ్ వాటిని ప్రాగ్‌లోని యూదు సంఘానికి చేర్చాడు. మొత్తం నాలుగున్నర వేల దాకా బొమ్మలు. పేర్లు రాయించడం వల్ల వాటిని రవాణా జాబితాలతో పోల్చి, ఏ బొమ్మ ఏ పిల్లదో, ఆ పిల్ల ఏమైందో చెప్పగలిగారు. 1959లో వాటిలో కొన్ని పుస్తకంగా వచ్చి లోకమంతా చుట్టాయి. వాటి వెనకున్న టీచరు సంగతి బయటికి రావడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. రష్యన్ రచయిత్రి ఎలెనా మకరోవా, తాను కూడా పిల్లలకు కళ నేర్పేదే, 1980ల చివర ప్రాగ్‌లో ఆ బొమ్మలు చూసి, బతికున్న శిష్యురాళ్లను వెతికి పట్టుకుని ఫ్రీడల్ కథను పోగుచేసింది.

న్యూయార్క్‌లో క్రేమర్ దిగేనాటికి అక్కడా ఇలాంటి ప్రయత్నం నడుస్తోంది. మార్గరెట్ నౌమ్‌బర్గ్ 1914లో పెట్టిన బడి తర్వాత వాల్డెన్ స్కూలుగా పేరు తెచ్చుకుంది. ఆమె అక్క ఫ్లోరెన్స్ కేన్ అందులో బొమ్మలు నేర్పేది. కేన్ పద్ధతి చూస్తే ఇట్టెన్ గుర్తుకు రాక మానడు. పిల్లలను నిలబెట్టి, భుజం నుంచి చెయ్యిని గాలిలో పెద్దగా ఊపించి, నోటితో స్వరం తీయించి, కళ్లు మూసుకుని అదే ఊపుతో కాగితం మీద పిచ్చిగీతలు గీయమనేది. తర్వాత కళ్లు తెరిచి ఆ గీతల్లో ఏ రూపం దాగి ఉందో వెతుక్కోవాలి. నౌమ్‌బర్గ్ ఆ పిచ్చిగీతలను ఆస్పత్రిలోకి తీసుకెళ్లింది. 1941 నుంచి న్యూయార్క్ స్టేట్ సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రవర్తన సమస్యలున్న పిల్లలతో పనిచేసి 1947లో పుస్తకం రాసింది. ఆమెకు బొమ్మ అంటే మాటల్లో చెప్పలేని దాన్ని చెప్పే భాష. వేసిన పిల్లవాడితో మాట్లాడుతూ దాని అర్థం విప్పాలి.

క్రేమర్ అంత త్వరగా అర్థంలోకి దూకే మనిషి కాదు. యుద్ధకాలంలో ఒక యంత్రాల షెడ్డులో పనిముట్లు తయారుచేసింది. 1950లో హడ్సన్ లోయలోని విల్ట్‌విక్ బాలుర పాఠశాలలో చేరింది. న్యూయార్క్ వీధుల్లో దొంగతనాలు, కొట్లాటల్లో పట్టుబడి కోర్టు ద్వారా వచ్చిన పిల్లలు, ఎక్కువమంది నల్లజాతివారు. ఎలియనోర్ రూజ్‌వెల్ట్ ఆ బడికి పెద్దదిక్కు. పిల్లలను తన ఇంటికి పిలిచి విందు పెట్టేది. బాక్సింగ్ చాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్, రచయిత క్లాడ్ బ్రౌన్ అక్కడి పిల్లలే. క్రేమర్ రాకముందే ఆ బడిలో తీసిన ‘ది క్వయట్ వన్’ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. డైరెక్టర్ ఎర్నస్ట్ పాపనెక్ కూడా వియన్నా నుంచి వచ్చిన శరణార్థి. బొమ్మల టీచరుగా చేరిన క్రేమర్‌కు ఆర్ట్ థెరపిస్టు అన్న హోదా ఇచ్చింది వయోలా బెర్నార్డ్ అనే సైకియాట్రిస్టు. ఆ అనుభవం 1958లో పుస్తకమైంది.

1971లో వచ్చిన ఆమె రెండో పుస్తకంలో ఒక విభజన ఉంది. ఈ రంగంలో రాసిన వేలాది పేజీలకంటే అది పనికొచ్చే సంగతి. పిల్లల చేతికి రంగులిస్తే అయిదు రకాల పనులు జరగవచ్చంటుంది. మొదటిది ఊరికే పూయడం, పిసకడం, ఇది ఎలా ఉంటుందో చూడటం. రెండోది కోపంతో చల్లడం, బాదడం, ఎరుపూ పచ్చా నలుపూ కలిసి బురదైపోయి కాగితం చిరిగేదాకా పోవడం. మూడోది భయంతో దాక్కోవడం, అంటే చూసి దింపడం, వేసిందే మళ్లీ వేయడం. మన రెండు కొండలూ సూర్యుడూ ఈ కోవలోవే. నాలుగోది మాటకు బదులు వాడే గుర్తు బొమ్మ. గీసినవాడు పక్కన ఉండి చెబితే తప్ప ఇంకొకరికి అర్థం కాదు. అయిదోది రూపం కట్టిన బొమ్మ. లోపలి ఉద్వేగం ఉంటుంది, చూసేవాడికీ అందుతుంది. మొదటి నాలుగూ తప్పులని ఆమె అనలేదు, దారిలో అన్నీ వస్తాయి. కానీ రెండోదాన్ని చికిత్స అనుకుని చప్పట్లు కొట్టేవాళ్లతో ఆమెకు పడలేదు. రంగు విసిరికొట్టిన పిల్లవాడు చాలాసార్లు తేలికపడడు, ఇంకా రెచ్చిపోతాడు; ఆ తర్వాత తాను పాడుచేసిన కాగితం చూసి సిగ్గుపడతాడు.

మరి టీచరు ఏం చేయాలి? క్రేమర్ దీనికి మూడో చెయ్యి అన్న మాట వాడింది. పిల్లవాడి రెండు చేతులకు తోడు ఇంకొకటి. మట్టి గుర్రం కాళ్లు బరువుకు వంగిపోతుంటే, కడుపు కింద ఒక పుల్ల పెట్టి నిలబెట్టే చెయ్యి. ఎరుపు బురదవుతోందని చూసి, గిన్నెలో శుభ్రమైన ఎరుపు కలిపి పక్కన పెట్టే చెయ్యి. గుర్రం ఎలా ఉండాలో మాత్రం ఆ చెయ్యి చెప్పకూడదు. ఇది చేయాలంటే రంగు ఎప్పుడు బురదవుతుందో, మట్టి ఎప్పుడు పగులుతుందో తెలిసి ఉండాలి. అందుకే ఆర్ట్ థెరపిస్టు ముందు చిత్రకారుడై ఉండాలని ఆమె జీవితాంతం పట్టుబట్టింది. ఇందులో ఫ్రీడల్ క్లాసు స్పష్టంగా కనిపిస్తుంది. సరైన కాగితం ముక్క ముందుకు జరపడం, ఒక లయ ఇచ్చి పక్కకు తప్పుకోవడం టెరెజీన్‌లో ఆవిడ చేసినవే.

వియన్నాతో సంబంధం లేని పాయలూ కొన్ని వచ్చి ఇందులో కలిశాయి. లండన్‌లో డాక్టర్ మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ 1928లో భయస్తులూ మొండివాళ్లూ అయిన పిల్లల కోసం క్లినిక్ తెరిచింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్‌లో సహాయక పనిలో చిక్కిపోయిన పిల్లలను చూసి వచ్చిన మనిషి. హెచ్.జి. వెల్స్ 1911లో తన కొడుకులతో నేల మీద ఆడిన ఆటల గురించి రాసిన చిన్న పుస్తకం ఆమెకు గుర్తుంది. ఒక పెట్టెనిండా చిన్న చిన్న మనుషులు, జంతువులు, చెట్లు, ఇళ్లు పెట్టింది. జింకు పళ్లేల్లో ఇసుక, నీళ్లు పెట్టింది. ఈ రెండింటినీ కలిపింది పిల్లలే. పెట్టెలోవి తీసుకుపోయి ఇసుకలో ఊళ్లు కట్టి, దానికి ‘ప్రపంచం’ అని పేరు పెట్టుకున్నారు. స్విట్జర్లాండ్‌కు చెందిన డోరా కాల్ఫ్ ఆమె దగ్గర నేర్చుకుని, మనస్తత్వవేత్త యుంగ్ భావాలు కలిపి శాండ్‌ప్లే పేరుతో ప్రచారం చేసింది. కదలిక వైపు రుడాల్ఫ్ లాబాన్ ఉన్నాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు నృత్యం కూర్చి, గోబెల్స్‌కు నచ్చక నిషేధానికి గురై ఇంగ్లండు చేరినవాడు. ఆయన శిష్యురాలు వెరోనికా షెర్‌బోర్న్ ఎదుగుదలలో వెనకబడిన పిల్లలను నేల మీద దొర్లించడం, పెద్దవాళ్ల ఒడిలో ఊపడం, వీపు వీపు ఆనించి నెట్టించడం వంటివాటితో ఒక పాఠ్యక్రమమే కట్టింది.

ఇవన్నీ పనిచేస్తాయా అంటే జవాబు అన్నిటికీ ఒకటి కాదు. సంగీతం పరిస్థితి కొంచెం మెరుగు. ఆటిజం ఉన్నవారికి మ్యూజిక్ థెరపీ మీద 2022లో వచ్చిన, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష 26 అధ్యయనాలు, 1165 మందిని పరిశీలించి, చికిత్స ముగిసేసరికి మొత్తం మీద మెరుగుదల కనిపిస్తోందని తేల్చింది. కుంగుబాటుకు డాన్స్ థెరపీ మీద 2015లో వచ్చిన సమీక్షకు దొరికింది మూడు అధ్యయనాలు, 147 మంది; ఏదీ గట్టిగా చెప్పలేమన్నారు. నృత్యం నడిపే చిన్న సంస్థలకు పరిశోధన చేయించే స్తోమత ఎక్కడిది? అయినా సరే, ఏ జబ్బైనా డాన్సుతో నయమవుతుందని బోర్డులు పెట్టేవాళ్లను నమ్మడానికి ఇది సాకు కాదు.

వృత్తిగా ఇది స్థిరపడింది 1960ల తర్వాతే. అమెరికన్ డాన్స్ థెరపీ అసోసియేషన్ 1966లో, ఆర్ట్ థెరపీ అసోసియేషన్ 1969లో ఏర్పడ్డాయి. బ్రిటన్‌లో చిత్రకళ, సంగీతం, నాటకం థెరపిస్టులు చట్టప్రకారం రిజిస్టరు కావాలి. నృత్యం వాళ్లు ఆ జాబితాలో లేరు. మన దేశంలో సోహిణీ చక్రవర్తి 2004లో స్థాపించిన కోల్‌కతా సంవేద్, మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడిన అమ్మాయిలతో నృత్యం ద్వారా పనిచేస్తూ, తర్వాత ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌తో కలిసి డిప్లొమా కోర్సు నడిపింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూలులో కళ, నృత్య, కదలిక థెరపిస్టులకు చోటు దొరికింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పేరుతో పనిచేయదలచినవారికీ అదే వర్తిస్తుంది. క్రేమర్ 2014లో, 97 ఏళ్ల వయసులో ఆస్ట్రియాలో చనిపోయింది. నౌమ్‌బర్గ్ మాటలవైపు, ఆమె చేతిపనివైపు నిలబడి మొదలుపెట్టిన తగువు ఆ రంగంలో ఇంకా తెగలేదు. భారత చట్టం మాత్రం ఈ వృత్తిని కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఉన్న విభాగంలోనే పెట్టింది. కాగితం మీద చూస్తే నౌమ్‌బర్గ్‌దే పైచేయి.